ఎవరి చేతిలో మైకు? జైపాల్ రెడ్డి చట్టసభల జీవితం

(కల్వకుర్తిలో డిగ్రీ విద్యార్థులు, ఊరి పెద్దలు కలిసి జరుపుకున్న ఒక సభలో రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండి, సిగ్గుపడకండి. మైకు వినిపిస్తోందా అక్కడిదాకా? వినిపిస్తోంది కదా. మంచిది. ఈ మైకుతోనే మొదలుపెడతాను. ఎందుకంటే ఇవాళ నేను చెప్పేదంతా ఒక రకంగా మైకు గురించే. మైకు ఎవరి చేతిలో ఉండాలి? ఒక్కరి చేతిలోనే ఉంటే ఏమవుతుంది? మన చేతిలోకి వచ్చాక పక్కవాడికి ఇస్తామా, ఇవ్వమా? ఈ మూడు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి.

1975 జూన్. మా ఊళ్ళో పంచాయతీ ఆఫీసు మీద ఒక రేడియో హార్ను ఉండేది. సాయంత్రం వార్తలకు జనం దాని కింద చేరేవాళ్ళు. ఇందిరాగాంధీ ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టాక ఆ హార్ను ఆగలేదు, మోగుతూనే ఉంది. కానీ అందులో ఒక్క గొంతే వినిపించేది. జైళ్ళల్లో ఎవరున్నారో చెప్పదు, పత్రికల్లో ఏది కొట్టేశారో చెప్పదు. అంతా బాగుంది, అంతా బాగుంది, ఇదే మాట. మా నాయన చదువుకోలేదు. ఆయన కూడా ఒకరోజు అన్నాడు, "ఇది మన ముచ్చట చెప్తలేదురా" అని. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

అదే కాలంలో మన కల్వకుర్తి ఎమ్మెల్యే ఎవరు? సూదిని జైపాల్ రెడ్డి గారు. ఏ పార్టీ? కాంగ్రెస్. అధికారంలో ఉన్న పార్టీ. ఆ పార్టీలో ఉండి ఎమర్జెన్సీ తప్పు అనుకున్న మనిషి, 1977లో ఆ పార్టీ వదిలి జనతాలోకి వెళ్ళిపోయారు.

ఇక్కడ కొంచెం ఆగాలి. మీరు అనొచ్చు, "సార్, 1977లో దేశమంతా జనతా గెలిచింది కదా, గాలి చూసి వెళ్ళారు" అని. దేశంలో గెలిచింది, నిజమే. మరి మన రాష్ట్రంలో? 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే. మళ్ళీ చెప్తాను, 42లో 41. జనతాకు వచ్చింది ఒక్కటి, నంద్యాల, అది నీలం సంజీవరెడ్డి గారిది. అంటే ఆంధ్రప్రదేశ్‌లో జనతాలోకి వెళ్ళడమంటే నిండిన చెరువు వదిలేసి ఎండిన కుంట దగ్గర మడి కట్టుకోవడమే. గాలి చూసుకునే మనిషి ఆ పని చేస్తాడా?

ఇప్పుడు ఒక మాట గురించి చెప్పాలి. నిర్వాహకులు నన్ను "మితవాద నాయకుడు జైపాల్ రెడ్డి" అనే అంశం మీద మాట్లాడమన్నారు. మితవాది అనే మాటతో చిన్న చిక్కుంది. స్వాతంత్ర్య ఉద్యమం పాఠాల్లో మితవాదులు, అతివాదులు అని చదువుకున్నాం. గోఖలే మితవాది, తిలక్ అతివాది. ఇప్పుడు పేపర్లు తీస్తే "మితవాద పార్టీ" అంటే కుడివైపు పార్టీ అని అర్థం వచ్చేలా రాస్తున్నారు. మాట ఒకటే, అర్థాలు రెండు. ఊళ్ళోనేమో ఇంకో అర్థం. ఎవరితోనూ తగాదా పెట్టుకోనివాడు, అందరికీ "అవునవును" అనేవాడు మితవాది అనుకుంటారు. ఈ ఊరి అర్థం జైపాల్ రెడ్డి గారికి అసలు అతకదు. ఆయన తగాదా పెట్టుకున్నారు. ఎవరితో? ఇందిరాగాంధీతో. అది తర్వాత చెప్తాను.

నా లెక్కలో మితం అంటే అధికారానికి ఒక గట్టు ఉండాలి అనడం. ఎదుటివాడి అధికారానికి మాత్రమే గట్టు వేయమంటే అది రాజకీయం. తన అధికారానికి కూడా వేసుకుంటే అది మితం. ఈ కొలబద్ద పట్టుకుని ఆయన యాభై ఏళ్ళ రాజకీయ జీవితాన్ని చూద్దాం. ఎక్కడ నిలబడ్డారో చెప్తాను, ఎక్కడ జారారో కూడా చెప్తాను. పొగడటానికి మాత్రమే అయితే దండ వేసి పోవచ్చు, ఇంతమంది కూర్చోవడం ఎందుకు?

మాడ్గుల ఆయన ఊరు, ఇక్కడున్న చాలామందికి తెలుసు. 1942 జనవరి 16న పుట్టారు. ఏడాదిన్నర పిల్లవాడిగా ఉన్నప్పుడు పోలియో వచ్చింది. జీవితమంతా చంకకర్రలే. ఉస్మానియాలో ఇంగ్లీషు సాహిత్యంలో ఎమ్.ఏ. చేశారు. అక్కడే విద్యార్థి నాయకుడయ్యారు. ఆ ఇంగ్లీషు గురించి ఎన్ని కథలో. ఢిల్లీలో విలేకరులు ఆయన ప్రెస్‌మీట్ అయ్యాక నిఘంటువు తీసేవాళ్ళని చెప్పుకుంటారు. కానీ పిల్లలూ, 1969లో ఉప ఎన్నికలో కల్వకుర్తి నుంచి నిలబడినప్పుడు ఆయనకు ఇరవై ఏడేళ్ళు. అప్పటి మన ఊళ్ళకు రోడ్లున్నాయా? తాండాలకు బండ్లు పోయేవా? రెండు కర్రల మీద ఆ గులకరాళ్ళ దారుల్లో తిరిగి ఓటు అడగడం ఎట్లా ఉంటుందో ఒకసారి ఆలోచించండి. ఇక్కడ ఓటర్లకు షేక్‌స్పియర్ అక్కర్లేదు. తాగునీళ్ళు కావాలి, కరువు పనులు కావాలి, బొంబాయికి వలసపోయిన కొడుకు తిరిగొస్తే ఊళ్ళో పని కావాలి. ఆ భాష కూడా ఆయనకు వచ్చు కాబట్టే 1969 నుంచి 1984 దాకా ఇక్కడి నుంచి వరసగా నాలుగుసార్లు గెలిచారు. రెండు కాంగ్రెస్‌లో, రెండు జనతాలో.

పార్టీ మారినా నియోజకవర్గం ఆయన్ను వదల్లేదు. కల్వకుర్తి మామూలు ఊరనుకోకండి. ఇదే కల్వకుర్తి 1989లో ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీ రామారావు గారినే ఓడించింది. మొహమాటం లేని ఓటర్లు మీరు. మీ దగ్గర నాలుగుసార్లు పాస్ కావడం తేలిక కాదు.

ఇప్పుడు 1978కి వస్తున్నాను. నాకు ఈ భాగమంటే ఇష్టం, కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టండి.

1978 అసెంబ్లీ. 294 మంది సభ్యులు. కాంగ్రెస్ ఐ, అంటే ఇందిరాగాంధీ కాంగ్రెస్‌కు 175, జనతాకు 60. ఆ అరవైమందిలో ఇద్దరు యువకులు ఒకే బెంచి మీద కూర్చునేవాళ్ళు. ఒకరు మన జైపాల్ రెడ్డి. ఇంకొకరు నెల్లూరు జిల్లా ఉదయగిరి నుంచి వచ్చిన వెంకయ్య నాయుడు. ఒకరు తెలంగాణ, ఒకరు కోస్తా. ఒకరిది కాంగ్రెస్, సోషలిస్టు ఆలోచనల వైపు నుంచి వచ్చిన దారి, ఇంకొకరిది జనసంఘ్ దారి, అంటే ఇప్పటి భాజపాకు ముందున్న పార్టీది. బయట రోడ్డు మీద ఈ రెండు దారులు కలవవు. సభలో ఈ ఇద్దరికీ పేరేం పెట్టారో తెలుసా? తిరుపతి వెంకట కవులు!

ఈ తరం పిల్లలకు ఆ పేరు తెలుసో లేదో, చెప్తాను. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వెంకట శాస్త్రి. జంటకవులు. ఊరూరా తిరిగి అవధానాలు చేసేవాళ్ళు. సభలో నాలుగు దిక్కుల నుంచి ప్రశ్నలు వేస్తుంటే పట్టుకున్నది మరిచిపోకుండా జవాబు చెప్పడం అవధానం. ఒకరు అందిస్తే ఇంకొకరు అందుకోవడం జంటకవిత్వం. శాసనసభలో ఈ ఇద్దరూ చేసింది అదే. ఒకరు ప్రశ్న వేస్తారు, మంత్రి తప్పించుకోబోతే రెండోవారు అనుబంధ ప్రశ్నతో పట్టుకుంటారు.

ఆ అయిదేళ్ళలో ఎంతమంది ముఖ్యమంత్రులు మారారు? ఎవరైనా చెప్పగలరా? అటువైపు పెద్దాయన వేళ్ళు చూపిస్తున్నారు, నాలుగు, కరెక్టు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. అయిదేళ్ళకు నలుగురు. అధికార పక్షం ఎమ్మెల్యేలు ఢిల్లీ వైపు చూస్తూ కూర్చున్న కాలం అది. అట్లాంటప్పుడు ప్రభుత్వాన్ని "ఈ జీవో ఎందుకిచ్చావు, ఈ పైసలు ఎక్కడ ఖర్చుపెట్టావు" అని అడిగేది ఎవరు? ప్రతిపక్షం బెంచీలే అడగాలి. అరవైమంది చేతులెత్తినా 175 మందిని ఓడించలేరు. ఓటుతో ఓడించలేనప్పుడు మిగిలేది ప్రశ్న. ప్రశ్నోత్తరాల గంట, సావధాన తీర్మానం, స్వల్ప వ్యవధి చర్చ, బడ్జెట్ పద్దుల మీద కోత తీర్మానం. ఇవన్నీ పరీక్ష కోసం బట్టీ పట్టే పేర్లు కావు పిల్లలూ. బలం లేనివాడి చేతిలో ఉన్న పనిముట్లు. రైతుకు నాగలి ఎట్లాగో, ప్రతిపక్షానికి ఇవి అట్లా. నాగలి ఇంటి వెనక పడేసి పొలం గట్టు మీద కూర్చుని అరిస్తే చేను పండుతుందా?

ఇక 1980. జనతా ప్రభుత్వం ఢిల్లీలో కూలిపోయింది. లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. ఇందిరాగాంధీ రెండు చోట్ల నిలబడ్డారు, రాయబరేలీ, మెదక్. మెదక్‌లో ఆమె మీద జనతా తరఫున ఎవరు? ఇందాక చెప్తానన్న తగాదా ఇదే. కల్వకుర్తి ఎమ్మెల్యే జైపాల్ రెడ్డి. ముప్పై ఎనిమిదేళ్ళు నిండుతున్నాయి అప్పటికి. గెలుస్తాననుకున్నారా? ఎవరూ అనుకోలేదు. రెండు లక్షలకు పైగా తేడాతో ఓడిపోయారు. ఇందిర తర్వాత రాయబరేలీ వదులుకుని మెదక్ ఉంచుకున్నారు.

ఓడిపోయే పోటీకి ఎందుకు దిగినట్టు? నేనైతే ఇట్లా అనుకుంటాను. ఎమర్జెన్సీ తప్పని పార్టీ వదిలిన మనిషి, ఎమర్జెన్సీ పెట్టిన మనిషి తన గడప దగ్గరికే వచ్చి ఓటు అడుగుతుంటే, ఆ ఓటరుకు ఇంకో పేరు లేకుండా చేస్తాడా? బ్యాలెట్ కాగితం మీద రెండో పేరు ఉండాలి. ఆ రెండో పేరుకు కూడా ఒక మైకు ఉండాలి. ఓడిపోయినవాడి ఉపయోగం అదే.

1984లో చూడండి. ఇందిర హత్య జరిగింది, దేశమంతా సానుభూతి గాలి, కాంగ్రెస్‌కు నాలుగు వందలకు పైగా సీట్లు. మన దగ్గర మాత్రం ఎన్టీఆర్ గాలి. తెలుగుదేశానికి 30 వచ్చాయి. హనుమకొండలో పీవీ నరసింహారావు గారే ఓడిపోయారు. తెలుగుదేశం మద్దతుతో మహబూబ్‌నగర్ నుంచి జనతా అభ్యర్థిగా జైపాల్ రెడ్డి లోక్‌సభకు వెళ్ళారు. దేశం మొత్తం మీద జనతాకు వచ్చింది పది సీట్లు. మళ్ళీ అదే అవధానం, ఇంకా పెద్ద సభలో. బోఫోర్స్ ఏళ్ళు అవి, ఫిరంగుల కొనుగోలులో ముడుపులన్న గొడవ నడిచిన కాలం. ఆ తర్వాత 1990లో రాజ్యసభ, 1991-92లో అక్కడ ప్రతిపక్ష నాయకుడు. 1998లో మళ్ళీ మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభ. ఆ ఏటికి ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం ఆయనకే ఇచ్చారు. అంతకుముందు అది అందుకున్నవాళ్ళలో ఇంద్రజిత్ గుప్తా, వాజపేయి, చంద్రశేఖర్, సోమనాథ్ ఛటర్జీ ఉన్నారు. ఆ వరసలో మాడ్గుల మనిషి. నాకు గర్వమే, దాచుకోను.

ఇప్పుడు నేను ఈ సభకు ఎందుకు వచ్చానో ఆ విషయం. 1997. దాదాపు ఇరవై ఏళ్ళు ప్రతిపక్షం బెంచీల మీద మైకు కోసం కొట్లాడిన మనిషికి, దేశంలో ఉన్న మైకులన్నీ ఒకేసారి చేతిలోకి వచ్చాయి. ప్రధాని గుజ్రాల్ ప్రభుత్వంలో సమాచార, ప్రసారాల మంత్రి అయ్యారు. ఆకాశవాణి ఆయన కింద, దూరదర్శన్ ఆయన కింద. గుర్తుందా, మా పంచాయతీ ఆఫీసు మీద హార్ను? దాని తీగ రెండో కొస ఇప్పుడు ఈయన చేతిలో ఉంది.

ఏం చేశారు?

1990లోనే ప్రసార భారతి చట్టం పార్లమెంటులో పాసైంది. అప్పటి సమాచార మంత్రి కూడా తెలుగువాడే, పి. ఉపేంద్ర గారు. రేడియోను, టీవీని ప్రభుత్వం చేతిలోంచి తీసి ఒక స్వతంత్ర సంస్థకు ఇవ్వాలనేది ఆ చట్టం. పాసైంది, రాష్ట్రపతి సంతకం అయింది. అమలు? అమలు చేయాలంటే ప్రభుత్వం ఒక తేదీ ప్రకటించాలి. ఆ ఒక్క తేదీ ఏడేళ్ళు రాలేదు. ఎందుకు రాలేదు? మీరే చెప్పండి. పొద్దున లేచినప్పటినుంచి తన మొహం చూపించే టీవీని ఏ ప్రభుత్వం వదులుకుంటుంది? మధ్యలో 1995లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని. అయినా తేదీ రాలేదు.

జైపాల్ రెడ్డి గారు మంత్రి అయ్యాక ఆ తేదీ వచ్చింది. 1997 సెప్టెంబర్ 15 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. నవంబర్ 23న ప్రసార భారతి ఏర్పడింది. మొదటి అధ్యక్షుడిగా నిఖిల్ చక్రవర్తి అనే పెద్ద పాత్రికేయుడు వచ్చారు. మంత్రి తన శాఖలో ఉన్న అతిపెద్ద ఆయుధాన్ని తనే తీసి పక్కన పెట్టారు. ఎదుటివాడి దగ్గర మైకు లాక్కోవడం వేరు. తన చేతిలో మైకు ఉండగా స్టాండు మీద పెట్టి పక్కకు జరగడం వేరు. 1977లో పార్టీ వదిలింది ఏ కారణానికో, 1997లో ఈ పని చేసింది ఆ కారణానికే అని నా నమ్మకం.

అయితే ఇక్కడే ఒక జారుడు కూడా ఉంది. 1990 చట్టంలో ప్రసార భారతి మీద ఒక పార్లమెంటరీ కమిటీ ఉండాలని, ముఖ్య అధికారికి వయోపరిమితి ఉండాలని ఉంది. అవి అడ్డమనుకుని వాటిని మార్చారు. ఎట్లా మార్చారు? సభలో చర్చ పెట్టి కాదు, అక్టోబర్‌లో ఆర్డినెన్సు తెచ్చి, అంటే సభ నడవనప్పుడు ప్రభుత్వం తెచ్చే తాత్కాలిక చట్టం. సభను అంతగా ప్రేమించిన మనిషి సభను దాటి వెళ్ళిన సందర్భం ఇది. ప్రతిపక్షం గట్టిగా తప్పుపట్టింది. కొద్ది వారాలకే ప్రభుత్వం పడిపోయింది, మరుసటి ఏడు ఆర్డినెన్సు మురిగిపోయింది. తొందర ఎందుకు పడ్డారో నాకు అర్థమవుతుంది, ప్రభుత్వం ఎప్పుడు కూలుతుందో తెలియదు మరి. అయినా అది సరైన దారి కాదు. ప్రసార భారతి కూడా అనుకున్నంత స్వతంత్రంగా ఉందా అంటే, లేదు. డబ్బు ప్రభుత్వానిదే, నియామకాల్లో చెయ్యి ప్రభుత్వానిదే. తలుపు తీశారు, గొలుసు మిగిలిపోయింది.

1999 గురించి అడగకుండా మీరు నన్ను ఇంటికి పోనివ్వరని తెలుసు. పాత జనతా కలిసిపోయిన జనతాదళ్‌లో ఉన్నారు ఆయన అప్పటికి. ఆ ఏడు ఆ జనతాదళ్ చీలింది. ఒక ముక్క భాజపా కూటమి వైపు వెళ్ళింది. జైపాల్ రెడ్డి గారు కాంగ్రెస్‌కు తిరిగి వచ్చారు. ఇరవై రెండేళ్ళ కింద వదిలిన ఇంటికి. చాలామంది అన్నారు, ఇదేం న్యాయం, ఎమర్జెన్సీ పార్టీలోకే మళ్ళీనా అని. నేనూ అన్నాను అప్పుడు. ఇప్పుడు ఇంకోలా చూస్తున్నాను. అటు కాంగ్రెస్, ఇటు భాజపా కాని మూడో దారి కూలిపోయినప్పుడు రెండు దారులే మిగిలాయి, లౌకికవాదం ఏ దారిలో బతుకుతుందనుకున్నారో అటు నడిచారు. మీరు ఒప్పుకోనక్కర్లేదు. కానీ 1977లో, 1999లో రెండుసార్లూ ఆయన వెళ్ళింది ఇక్కడ ఓడిపోతున్న పార్టీ వైపే. 1999లో రాష్ట్రంలోనూ, ఢిల్లీలోనూ కాంగ్రెస్ ప్రతిపక్షంలోనే కూర్చుంది. మిర్యాలగూడ నుంచి ఆయన మాత్రం గెలిచారు, 2004లో మళ్ళీ అక్కడి నుంచే, 2009లో చేవెళ్ళ నుంచి.

మంత్రిగా పదేళ్ళు గబగబా చెప్పేస్తాను. 2004లో మళ్ళీ సమాచార శాఖ. 2005 చివర పట్టణాభివృద్ధి శాఖకు వచ్చారు, కొద్ది రోజులకే జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం మొదలైంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖలకు నిధులు వచ్చిన పథకం అది. ఆ తర్వాత పెట్రోలియం. 2012లో ఏడాదికి ఆరు గ్యాస్ సిలిండర్లకే సబ్సిడీ అన్న నిర్ణయం ఆ రోజుల్లోదే. అమ్మలకు గుర్తుండే ఉంటుంది, కోపం కూడా ఉండే ఉంటుంది. మన కాకినాడ తీరం దగ్గర కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ ఉత్పత్తి చెప్పినంత రాలేదని, కాంట్రాక్టు సంస్థ ఖర్చులో వంద కోట్ల డాలర్లకు పైగా ఒప్పుకునేది లేదని ఆ శాఖ నోటీసు ఇచ్చింది కూడా ఆ ఏడే. అక్టోబర్‌లో ఆయన్ను సైన్స్, టెక్నాలజీ శాఖకు మార్చారు. ఎందుకు మార్చారని పత్రికలు చాలా రాశాయి. ఆయన బయటికొచ్చి రచ్చ చేయలేదు, కొత్త శాఖలో పని మొదలుపెట్టారు.

తెలంగాణ విషయంలో ఈ పద్ధతే ఆయనకు ఖరీదైంది. రోడ్ల మీద పిల్లలు చచ్చిపోతుంటే కేంద్ర మంత్రి గొంతెత్తి మాట్లాడడేమని మనవాళ్ళు అడిగారు. నా విద్యార్థులే నన్ను అడిగారు, "సార్, మీ జైపాల్ రెడ్డి ఎక్కడ?" అని. లోపల కూర్చుని మాట్లాడేవాడికి బయట చప్పట్లు ఉండవు. కానీ బయట ఏడుస్తున్నవాడికి లోపలి మాట వినపడదు కదా, అది కూడా నిజమే. నాకు ఈ ప్రశ్నకు ఇప్పటికీ పూర్తి జవాబు దొరకలేదు. 2014లో తెలంగాణ వచ్చింది. ఆ ఏటి లోక్‌సభ ఎన్నికలో మహబూబ్‌నగర్‌లో మూడు వేల లోపు ఓట్లతో ఓడిపోయారు. ఓడిపోయాక ఏం చేశారు? చదువుకున్నారు. పది భావజాలాల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు, 2018లో వచ్చింది.

2019 జూలై 28న హైదరాబాద్‌లో పోయారు. డెబ్బై ఏడేళ్ళు.

మరునాడు రాజ్యసభ. అధ్యక్ష స్థానంలో ఎవరున్నారు? ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు గారు. 1978లో ఒకే బెంచి మీద కూర్చున్న రెండో కవి. ఆ మధ్యలో ఎన్ని జరిగాయి! ఒకరు భాజపా జాతీయ అధ్యక్షుడయ్యారు, ఒకరు కాంగ్రెస్ కేంద్ర మంత్రి అయ్యారు. భాజపాను జైపాల్ రెడ్డి ఎంత గట్టిగా విమర్శించారో, కాంగ్రెస్‌ను వెంకయ్య నాయుడు అంత గట్టిగా విమర్శించారు. నలభై ఏళ్ళు. ఆ రోజు సంతాప సందేశం చదువుతూ చదువుతూ ఆయన గొంతు పూడుకుపోయింది. కన్నీళ్ళు పెట్టుకున్నారు. దేశమంతా టీవీలో చూసింది. ఆయన చేతిలో మైకు ఉంది, మాట రాలేదు.

నేనింక ఆపుతాను. ఈ మైకు ఇప్పుడు కిందికి పంపిస్తున్నాను. ముందు వరసలో ఆ అమ్మాయి ఇందాకటినుంచి చెయ్యెత్తి ఉంది, ఆమెకివ్వండి. అడుగమ్మా.